తురుము పలక సాక్ష్యం

క్రీస్తుకు పూర్వం 422వ సంవత్సరంలో ఏథెన్సు నగరపు రంగస్థలం మీద ఒక వింత వ్యాజ్యం విచారణకు వచ్చింది. ముద్దాయి ఒక కుక్క, పేరు లాబెస్. సిసిలీ ద్వీపం నుండి వచ్చిన చీజును ఎవరికీ పెట్టకుండా ఒంటరిగా తినివేసిందని దానిపై అభియోగం. ఫిర్యాది కూడా కుక్కే. తీర్పులు చెప్పడమనే పిచ్చి ముదిరిన ముసలివాడొకడు న్యాయాధిపతి. అతడు ఊరి న్యాయస్థానానికి పరుగెత్తకుండా ఆపడానికి కన్నకొడుకే ఇంటిలో ఈ కొలువు తీర్చాడు. సాక్షులుగా వంటయింటి సామాను దిగింది. గిన్నె వచ్చింది, రోకలి వచ్చింది, వాటితోపాటు చీజు తురిమే పలక కూడా వచ్చింది. నీ చేతికి అందిన సరుకును సైనికులకు తురిమి పంచావా లేదా అని దానిని అడిగారు. పంచానని అది సాక్ష్యం చెప్పినట్లు కొడుకు న్యాయాధిపతికి విన్నవించాడు.

ఇది అరిస్టోఫనీసు రచించిన 'కందిరీగలు' అనే ప్రహసనంలోని ఘట్టం. ఏథెన్సు రాజకీయ నాయకులను, సేనానులను ఎగతాళి చేయడానికి కవి ఈ కుక్కల తగవును కల్పించాడు. నవ్వు మాట అటుంచి, సాక్షిని ఎంచుకోవడంలో ఆయన చూపిన తెలివిని గమనించవలసి ఉన్నది. చీజు దిమ్మ నోటికి చేరకముందు దానిని చివరిసారిగా తాకే వస్తువు తురుము పలకే. లోపలికి పోయినది ఏమిటో, వెలుపలికి వచ్చినది ఏమిటో దానికి తెలిసినంతగా మరి దేనికీ తెలియదు. ఇరవైనాలుగు శతాబ్దాలు గడచినా ఆ సాక్ష్యం విలువ తగ్గలేదు. గట్టి చీజును వాడే పెద్ద వంటశాలలలో తురుము పనిముట్టును ఎట్లా ఎన్నుకోవాలి, ఎట్లా కాపాడుకోవాలి అనే ప్రశ్నకు సమాధానం కూడా అక్కడే మొదలవుతుంది.

వీరుల సమాధులలో వంటపనిముట్టు

తురుము పలక అరిస్టోఫనీసు నాటికే పాతది. హోమరు రచించిన 'ఇలియడ్' పదునొకండవ సర్గలో యుద్ధరంగం నుండి అలసివచ్చిన వృద్ధవీరుడు నెస్టరుకు హెకమీడీ అనే స్త్రీ పానీయం కలిపి ఇస్తుంది. ద్రాక్షసారాయిలో మేకపాల చీజును కంచు పలకపై తురిమి వేసి, తెల్లని యవల పిండి చల్లుతుంది. ఇది కేవలం కవి కల్పన కాదని పురావస్తు శాస్త్రజ్ఞుల త్రవ్వకాలు నిరూపించాయి. గ్రీసు దేశంలో యుబోయా ద్వీపంలోని లెఫ్కాండీ వద్ద క్రీ.పూ. 9వ శతాబ్దినాటి సమాధులలో ఆయుధాలతోపాటు కంచు తురుము పలకలు దొరికాయి. ఇటలీలో ఎట్రుస్కనులనే ప్రాచీన జాతివారి సమాధులలోను అటువంటివే బయటపడ్డాయి. కత్తి పక్కన తురుము పలకను పాతిపెట్టారంటే దానికి ఆ కాలంలో ఎంత గౌరవముండేదో ఊహించుకోవచ్చు.

మధ్యయుగాలలో ఈ తురుము సంపన్నతకు గుర్తయింది. 14వ శతాబ్దిలో ఇటలీ రచయిత బొకాచియో తన 'డెకామెరాన్' కథలలో బెంగోదీ అనే ఊహాలోకాన్ని వర్ణించాడు. అక్కడ తురిమిన పర్మెసాన్ చీజుతో ఏర్పడిన పర్వతమొకటి ఉంటుంది. దాని శిఖరంపై కొందరు కూర్చుండి పిండివంటలు చేసి క్రిందికి దొర్లిస్తుంటారు, దొరికినవారికి దొరికినంత. ఈ కథను అమాయకుడొకడు నిజమని నమ్మి మోసపోతాడు. తురుము గుట్టను చూసి మోసపోయేవారు ఆ కథలోనే గాక నేటి లోకంలోను కలరు. ఆ సంగతి తరువాత వస్తుంది.

దిమ్మకు వ్రాసిన జాతకం

చీజు అనే మాటను నిఘంటువులు జున్ను అని తెలిగించాయి. తెలుగు ఇండ్లలో జున్ను అంటే ఈనిన ఆవు లేక గేదె తొలిపాలతో బెల్లమో చక్కెరో చేర్చి వండే మెత్తని మధుర పదార్థం. ఇక్కడ ప్రస్తావించే చీజు అది కాదు. పాలను విరిచి, నీటిని పిండివేసి, ఉప్పు పట్టించి, నెలలు సంవత్సరాలు ఆరవేస్తే రాయివలె గట్టిపడే పదార్థం ఇది. ఆ జాతిలో పేరెన్నిక గన్నది ఇటలీలోని పర్మిజానో రెజ్జానో. పర్మెసాన్ అన్న పేరుకు మూలం ఇదే.

పర్మా, రెజ్జో ఎమీలియా, మోడెనా జిల్లాలలోను, రేనో నదికి పడమట ఉన్న బొలోన్యా జిల్లా భాగంలోను, పో నదికి దక్షిణాన ఉన్న మాంటువా జిల్లా భాగంలోను మాత్రమే దీనిని తయారు చేయాలి. సాయంకాలం పితికిన పాలను రాత్రంతా నిలిపి, పైకి తేలిన మీగడను తీసివేసి, మరునాటి ఉదయం పితికిన పాలతో కలిపి రాగి కాగులలో పోస్తారు. దూడ పొట్ట నుండి తీసిన రెన్నెట్టు అనే పదార్థంతో విరుస్తారు. కనుక కేవల శాకాహారులలో చాలమంది దీనిని ముట్టరు. విరిగిన ముద్దను బియ్యపు గింజలంత నలుసులుగా చిదిపి, 55 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచి, అడుగుకు దిగిన గడ్డను గుడ్డతో ఎత్తి అచ్చులలో పెడతారు. రమారమి ఇరవై రోజులు ఉప్పునీటిలో తేలవేసి, ఆ పైన కొయ్య బల్లలపై కనీసం 12 నెలలు ఆరబెడతారు. 24 నెలలు, 36 నెలలు ఆరినవి మరింత విలువైనవి. ఒక్కొక్క దిమ్మ 40 కిలోల ప్రాంతం తూగుతుంది. దానికి రమారమి 550 లీటర్ల పాలు పడతాయి.

దిమ్మ పుట్టిననాడే దాని పక్కల చుట్టూ చుక్కల అక్షరాలతో పేరు, తయారుచేసిన పాలశాల సంఖ్య, నెల, సంవత్సరం ముద్రితమవుతాయి. ఏడాది నిండిన పిమ్మట పరీక్షకులు వచ్చి చిన్న సుత్తితో దిమ్మను కొట్టి చెవియొగ్గి వింటారు. లోపల పగుళ్లు, బోలుతనం ఉంటే ధ్వని మారుతుంది. నెగ్గినవాటికి కాల్చిన ముద్ర వేస్తారు. ఓడినవాటి మీది అక్షరాలను గీకివేస్తారు. ఈ వ్యవస్థకు కాపలాదారుగా ఉన్న ఉత్పత్తిదారుల సంఘం 1934లో ఏర్పడింది. ముద్రపై ఎంత నమ్మకమంటే, ఎమీలియా ప్రాంతంలో ఆరుతున్న దిమ్మలను బంగారం వలె తాకట్టు పెట్టుకొని అప్పులిచ్చే బ్యాంకు కూడా ఉన్నది. 2022లో దిమ్మ తొక్కలో గోధుమగింజ కన్న చిన్నదైన ఎలక్ట్రానిక్ గుర్తును పొదిగే పరీక్షలు సైతం జరిగాయి.

ఈ జాతకమంతా వ్రాసి ఉండేది తొక్క మీద. తురుములో దాని అక్షరమొక్కటైనా మిగలదు.

తురిమిన క్షణంలో జరిగేది

తురమడం వల్ల రెండు మార్పులు కలుగుతాయి. ఒకటి ప్రకృతి శాస్త్రానికి, రెండవది ధర్మశాస్త్రానికి సంబంధించినది.

మొదటిదానిని పాఠశాల గణితంతోనే గ్రహించవచ్చు. ఒక సెంటీమీటరు అంచు గల చీజు ఘనానికి ఆరు ముఖాలు. మొత్తం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దానిని ఒక మిల్లీమీటరు ఘనాలుగా ఖండిస్తే వేయి ముక్కలవుతాయి. ఒక్కొక్కదాని ఉపరితలం 6 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి మొత్తం 6000. అనగా 60 చదరపు సెంటీమీటర్లు. పదార్థం పెరగలేదు, ఉపరితలం పదింతలైంది. ఇంకా సన్నగా, మిల్లీమీటరులో పదవ వంతుకు తరిగితే నూరింతలవుతుంది. దిమ్మలో ఇన్నాళ్లూ అణగియున్న పరిమళం ఆ ఉపరితలం నుండి ఒక్కసారిగా విడుదలవుతుంది. అందుకే చిటికెడు తాజా తురుము పెద్ద ముక్క కన్న ఘాటుగా తోస్తుంది. పరిమళం వెలుపలికి పోయే దారినే గాలి లోపలికి వస్తుంది. తేమ ఆరుతుంది, కొవ్వు ప్రాణవాయువుతో కలిసి క్రమంగా ముక్కవాసన పడుతుంది. అందుచేత పూటకు చాలినంతే తురమాలన్న నియమం ఏర్పడింది.

రెండవ మార్పు గుర్తింపును పోగొట్టుకోవడం. దిమ్మగా ఉన్నప్పుడు పేరు, ఊరు, వయస్సు గల వస్తువు, తురుమైన పిమ్మట తెల్లని పొడి మాత్రమే. ఆ పొడిలో మరేది కలిపినా కన్ను పట్టుకోలేదు. 2012లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ శాఖవారు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక కర్మాగారాన్ని తనిఖీ చేశారు. పర్మెసాన్ అన్న పేరుతో అమ్ముతున్న తురుములో అసలు పర్మెసాన్ చీజే వాడలేదని తేలింది. చవుకరకం చీజుల మిగులు ముక్కలు, మొక్కల పీచు నుండి తీసిన సెల్యులోజు అందులో ఉన్నవి. తురుము ముద్దకట్టకుండా సెల్యులోజును పరిమితంగా చేర్చడానికి ఆ దేశపు నిబంధనలు ఒప్పుకుంటాయి. అదే మితిమీరితే మోసానికి ముసుగవుతుంది. పర్మిజానో రెజ్జానో పేరుతో అమ్మే తురుములో మాత్రం ఇతర పదార్థమేదీ చేర్చరాదు. తొక్క పాలు నూటికి 18 వంతులు మించరాదు. తేమ నూటికి 25కు తగ్గరాదు, 35కు మించరాదు.

ఈ విషయమై ఐరోపా న్యాయస్థానంలో నిజమైన వ్యాజ్యమే నడిచింది. ఇటలీలో పుట్టిన గ్రానా పడానో అనే మరొక గట్టి చీజును దిమ్మలుగా కొని ఫ్రాన్సులో తురిమి, పొట్లాలు కట్టి అమ్మవచ్చునా అన్నది ప్రశ్న. 2003 మే 20వ తేదీన న్యాయస్థానం తీర్పు చెప్పింది. తురమడం, పొట్లం కట్టడం అనే పనులు వస్తువు నాణ్యతకు, ప్రామాణికతకు భంగం కలిగించగలవు. కనుక పుట్టిన ప్రాంతంలోనే, ఆ వస్తువును ఎరిగినవారి పర్యవేక్షణలోనే అవి జరగాలని నియమం పెట్టడం న్యాయసమ్మతమేనని పేర్కొన్నది. అయితే అటువంటి నియమాన్ని వ్యాపారులకు తెలిసేటట్లు ముందుగా ప్రకటించి ఉండాలని కూడా హెచ్చరించింది. కుక్కల వ్యాజ్యంలో తురుము పలకను సాక్షిగా పిలిచిన కవి ఈ తీర్పు వింటే నవ్వుకొనేవాడు కాబోలు.

భోజనశాలకు ఈ తీర్పులోని సారం చాల సులభమైన రూపంలో వర్తిస్తుంది. ముద్ర గల తొక్కతో ఉన్న ముక్కను తినేవారి ఎదుట ఉంచి, వారి ఎదుటనే తురిమితే మరే ధ్రువపత్రమూ అక్కరలేదు. అది ప్రతిసారీ కుదరదు. వందమందికి వండే వంటశాలలో తురుము తెరవెనుకనే జరుగుతుంది. అక్కడ సాక్షి పనిముట్టే. అందుచేత దానిని ఎన్నుకోవడంలోను, శుభ్రంగా ఉంచడంలోను అలసత్వం పనికిరాదు.

పంటి గుణమే పనిముట్టు గుణం

తురుము పనిముట్టు ఏ రూపంలో ఉన్నా దాని ప్రాణం పంటిలో ఉంటుంది. పళ్లను ముఖ్యంగా రెండు విధాలుగా చేస్తారు. మొదటిది పాత పద్ధతి. రేకును వెనుకనుండి మొనగల ఉలితో పొడిస్తే రంధ్రం చుట్టూ లోహం చీలి పూరేకులవలె పైకి లేస్తుంది. ఈ పళ్లు చీజును కోయవు, చీరుతాయి. రాలేది రవ్వవంటి పొడి. పిండిముద్దలలో కూరడానికి, రొట్టెపొడితో కలపడానికి, పులుసులలో కరిగించడానికి అది మేలు.

రెండవది రసాయన ద్రవంతో లోహాన్ని కరిగించి అంచులు తీర్చే పద్ధతి. దీనికి కారణమైన కథ ఆసక్తికరమైనది. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఒక కుటుంబంవారు ఈ విధంగా లోహపు రేకులను తీర్చే పనిలో ఉండి, 1990 ప్రాంతంలో వడ్రంగులు కొయ్యను నునుపు చేయడానికి మైక్రోప్లేన్ అనే ఆకురాయిని తయారుచేశారు. 1994లో కెనడాలోని ఆటవా నగరంలో పనిముట్ల వ్యాపారి భార్య నారింజ కేకు చేస్తూ, తన పాత తురుము పలక మొద్దుబారిందని విసిగి, భర్త తెచ్చిన ఆ ఆకురాయిపై నారింజ తొక్కను తురిమింది. తొక్క పూలరేకులవలె రాలింది. అప్పటినుండి ఆ వడ్రంగి పనిముట్టు వంటయింటిలో ప్రవేశించింది. దీని పళ్లు చిన్న చిత్రికలవలె కోస్తాయి. రాలేది పొడి కాదు, గాలిలో తేలే సన్నని పోగు. వేడి వంటకం మీద వడ్డించేముందు చల్లడానికి ఇంతకన్న తగినది లేదు. అయితే ఇది పట్టుకొని చూస్తే బరువుగా లేకున్నా, కొలిస్తే తక్కువ తూగినా, గిన్నెలో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కనుక వంట పాఠాలలో గిన్నె కొలత కన్న త్రాసు కొలతే నమ్మదగినది.

రోజుకు కొద్ది కిలోలు మించని చోట చేతిపలకలు చాలును. బల్ల వద్ద వడ్డించేవారికి చిన్న పిడితో త్రిప్పే గుండ్రని తురుమిడి అనుకూలం. వ్రేళ్లకు దెబ్బ తగలదు, చీజును చేతితో తాకనక్కరలేదు. అంతకు మించిన పనికి విద్యుత్తుతో నడిచే యంత్రం కావాలి. దానిలో పళ్లుగల ఉక్కు రోలరు తిరుగుతుంది. పైనున్న తొట్టిలో ముక్కను వేసి పిడితో నొక్కితే తురుము క్రింది పళ్లెంలో రాలుతుంది. కొనేముందు పరీక్షించవలసినవి ఇవి.

రోలరు మరకపడని ఉక్కుతో చేసినదై, పనిముట్ల సాయం లేకుండా సులభంగా ఊడి రావాలి. ఊడిరాని రోలరును ఎవరూ నిత్యం కడగరు. పిడిని పైకి ఎత్తగానే రోలరు తనంతట తాను ఆగిపోవాలి. తురుము రాలే ద్వారం వద్ద వ్రేళ్లు దూరని జల్లెడ ఉండాలి. మూలలు, పగుళ్లు, మరచీలల గుంటలు లేని నునుపైన ఒడలు ఉండాలి. చీజు దాగే చోటు బూజు దాగే చోటు. చిన్న యంత్రాలలో చాలవాటిని గంటలకొద్దీ ఎడతెరిపి లేకుండా నడపరాదు. ఎంతసేపు నడపవచ్చునో తయారీదారు చెప్పిన పరిమితిని తెలుసుకొని, తమ అవసరం కన్న కొంత పెద్దదానినే తీసుకోవాలి. చివరగా, పళ్లు అరిగిన తరువాత మారు రోలరు దొరుకుతుందా అన్నది అడగాలి. దొరకని యంత్రం ఎంత చవుకైనా చివరకు ఖరీదైనదే.

కొవ్వు, ఉప్పు, నీరు

పర్మిజానో రెజ్జానో 100 గ్రాములలో నీరు 30 గ్రాములు చిల్లర, మాంసకృత్తులు 32 గ్రాముల ప్రాంతం, కొవ్వు 30 గ్రాముల ప్రాంతం ఉంటాయి. ఉప్పు రమారమి ఒకటిన్నర గ్రాములు. పనిముట్టుకు శత్రువులు ఈ జాబితాలోనే ఉన్నారు.

పాలకొవ్వు గది వేడిమికే మెత్తబడటం మొదలుపెట్టి, 40 డిగ్రీల వద్దకు వచ్చేసరికి పూర్తిగా కరుగుతుంది. మొద్దు పళ్లు చీజును కోయలేక ఒత్తుతాయి. ఒత్తిడివల్ల రాపిడి, రాపిడివల్ల వేడి, వేడివల్ల కొవ్వు కారడం, కొవ్వువల్ల రంధ్రాలు పూడటం, పూడినకొద్దీ మరింత ఒత్తవలసి రావడం. ఈ వలయంలో పడిన పనిముట్టునుండి వచ్చేది తురుము కాదు, ముద్ద. కనుక చీజును చల్లని చోటునుండి తీసి, చల్లదనం పోకముందే తురమాలి. యంత్రాన్ని మధ్యమధ్య ఆపాలి. చేతిపలకపై తేలికగా ఒకే దిశలో నడపాలి. పళ్లు పదునుగా ఉంటే బలం అక్కరలేదు.

కడగడంలో సాధారణంగా జరిగే పొరపాటు మొదటనే మరిగే నీరు పోయడం. ఆ వేడికి చీజులోని మాంసకృత్తులు సాగి బంకవలె పళ్లకు అంటుకుంటాయి. సరియైన క్రమం ఇది: పని ముగియగానే పొడి కుంచెతో దులపాలి. తరువాత చల్లని లేక గోరువెచ్చని నీటిలో కొంతసేపు నాననీయాలి. పళ్లు వాలిన దిశలోనే కుంచెతో రుద్దాలి. ఎదురు రుద్దితే కుంచె తెగుతుంది, దాని పోగులు రంధ్రాలలో చిక్కుకుంటాయి. అప్పుడు సబ్బునీరు, ఆ పిమ్మట వేడినీరు. వెంటనే గుడ్డతో అద్ది, గాలి తగిలేచోట నిలబెట్టి ఆరనీయాలి. యంత్రమైతే అన్నిటికన్న ముందు విద్యుత్తు తీగను గోడనుండి పెరికివేయాలి. మోటారు ఉన్న భాగాన్ని తడిగుడ్డతో తుడవాలేగాని నీరు పోయరాదు.

మరకపడని ఉక్కు అన్న పేరు చూసి దానికి మరకే పడదని నమ్మరాదు. ఆ ఉక్కులోని క్రోమియం గాలితో కలిసి కంటికి కనబడని పలుచని పొరను కప్పుతుంది; రక్షణ అంతా ఆ పొరదే. ఉప్పుతో కూడిన తడి చాలసేపు నిలిచినా, క్లోరిను గల విరంజన ద్రవాలు వాడినా ఆ పొర చిల్లులుపడి గుంటలు ఏర్పడతాయి. ఇనుప పీచుతో రుద్దితే రాలిన ఇనుప నలుసులు తుప్పుపట్టి మరకలు తెస్తాయి. అల్యూమినియం ఒడలుగల యంత్రాల విషయంలో మరొక జాగ్రత్త ఉన్నది. ఘాటైన క్షారాలు అల్యూమినియాన్ని నల్లబరచి తినివేస్తాయి. కనుక పాత్రలు కడిగే యంత్రంలో దాని భాగాలను వేయరాదు.

కొన్ని వంటశాలలలో రోలరు శుభ్రం కావడానికి చివరగా ఎండు రొట్టె ముక్కను నడిపిస్తారు. రొట్టె కొవ్వును పీల్చుకొనే మాట నిజమే. కాని గోధుమ పడనివారు కొందరుంటారు. రొట్టెపొడి తగిలిన తురుము వారికి హాని చేయగలదు. చీజుకు వేరు రోలరు, రొట్టెకు వేరు రోలరు ఉంచడమే ధర్మం.

పళ్ల ఆయువు తెలుసుకోవడానికి పరికరమేదీ అక్కరలేదు. నిన్నటి కన్న నేడు ఎక్కువ నొక్కవలసి వస్తున్నదా, తురుము రేకులుగా రాలక ఉండలు కడుతున్నదా, పళ్లెం అడుగున జిడ్డు మెరుస్తున్నదా అని చూడాలి. వారానికొకసారి రోలరును వెలుతురుకు ఎత్తి, ఏ పన్నయినా వంగిందా, విరిగిందా అని పరిశీలించాలి. విరిగిన పన్ను ఆహారంలోకే పోతుంది. అట్టిది కనబడితే ఆ పూట తురుమును పారవేయడం నష్టం కాదు, కర్తవ్యం. రసాయనంతో తీర్చిన పళ్లను తిరిగి పదునుపెట్టడం సాధ్యం కాదు, అరిగినప్పుడు మార్చవలసిందే. తురుము చివర తొక్క దగ్గర కొంత మందం మిగిల్చి ఆపడం పళ్లకూ మంచిది, వ్రేళ్లకూ మంచిది. మిగిలిన తొక్కను గీకి, కడిగి పులుసులో ఉడికిస్తే రుచి దిగుతుంది. ఇటలీ గృహిణులు దానిని ఏనాడూ పారవేయరు.

కొబ్బరికోరు ముందు కూర్చున్నవారికి

ఈ విషయాలలో కొన్ని తెలుగువారికి క్రొత్తవి కావు. కొబ్బరికోరు ముందు కూర్చున్న ప్రతి గృహిణికీ, పళ్లు మొద్దువారితే కోరు ముద్దవుతుందని తెలుసు. చిప్ప దగ్గరకు వచ్చేసరికి చేయి తేలిక చేయాలని తెలుసు. కోరిన కొబ్బరి నిలువ ఉంటే వాసన మారుతుందని తెలుసు. కాయను కళ్లెదుట కొట్టి, కళ్లెదుట కోరడంవల్ల అది నిన్నటిదా నేటిదా అన్న అనుమానానికే తావుండేది కాదు. ఎండబెట్టి సంచులలో అమ్మే కొబ్బరిపొడి, దంచి పొట్లాలలో అమ్మే కారం, పసుపు వచ్చిన తరువాతనే కల్తీ అన్న మాట వంటయింటిలో నిత్యం వినబడసాగింది. దంచినదాని కన్న దంచనిది, తురిమినదాని కన్న తురమనిది నమ్మదగినదన్న సూత్రం పర్మాలోను పాలకొల్లులోను ఒక్కటే.

నేడు హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలోని హోటళ్లలో ఇటలీ వంటకాలు సాధారణమైనాయి. హోటలు నిర్వహణ చదివే విద్యార్థుల చేతికి ఈ తురుము పలకలు, యంత్రాలు వస్తున్నాయి. వారికి ఉపాధ్యాయులు నేర్పవలసినది మీట నొక్కడం మాత్రమే కాదు. వచ్చిన దిమ్మ మీది అక్షరాలను చదవడం, ఆ తేదీని, పాలశాల సంఖ్యను పుస్తకంలో వ్రాసుకోవడం, పూటకు చాలినంతే తురమడం, తురిమిన గిన్నెపై గంట వేసి ఉంచడం, అడిగినవారికి తొక్కను తెచ్చి చూపించడం కూడా ఆ విద్యలో భాగమే. సాధారణ పాఠశాలలోనైతే ఒక బెల్లపుగడ్డ, ఒక త్రాసు, రెండు గ్లాసుల నీరు ఉంటే చాలు. ఒక గ్లాసులో గడ్డను, మరొకదానిలో అంతే బరువుగల తురుమును వేసి ఏది ముందు కరుగునో చూపితే, ఉపరితలమంటే ఏమిటో విద్యార్థులు ఏనాటికీ మరువరు.

వంటయింటిలో తురుము పలక చాల తక్కువ చోటు ఆక్రమిస్తుంది. దాని గూర్చి ఆలోచించేవారు అంతకన్న తక్కువ. ఏళ్లతరబడి పాలశాలలో పడిన శ్రమ, సుత్తితో కొట్టి విన్న పరీక్షకుని చెవి, తొక్కపై కాల్చిన ముద్ర, ఇవన్నీ దాని పళ్ల వద్దకు వచ్చి ఆగుతాయి. అక్కడినుండి తినేవారి పళ్లెం వరకు ఉన్న జానెడు దూరంలో వాటి గౌరవాన్ని నిలిపేది ముద్ర కాదు, చట్టం కాదు. పళ్లు పదునుగా ఉంచి, తడి ఆర్చి, లోపలికి వేసినదే వెలుపల పెట్టే వంటవాని చేయి.